లైకు కొట్టినవాళ్ళ కాలిమట్టి

ఆ రోజుల్లో లైకుకి విలువ ఉండేది. ఇప్పటిలా నడుస్తూ నడుస్తూ బొటనవేలితో విసిరేసే వస్తువు కాదు. మనిషి ఆగి, చూసి, మన ఇంటివాళ్ళతో మాటలున్నాయో లేవో గుర్తు చేసుకుని మరీ కొట్టేవాడు. నా మొదటి ఉద్యోగమూ, మొదటి స్మార్ట్‌ఫోనూ ఇంచుమించు ఒకేసారి చేతికొచ్చాయి. రెంటిలో దేన్నీ ఎలా వాడాలో నాకు సరిగ్గా తెలియదు. డిగ్రీలో ఆక్వాకల్చర్ చదివి దేశానికి ఏదో ఒరగబెడదామని బయటికొస్తే, దేశం తరఫున ఒక ల్యాబు వారు నా చేతికి ప్లాస్టిక్ కవర్లూ ఒక మార్కరు పెన్నూ ఇచ్చి, రొయ్యల చెరువుల అడుగు మట్టి తెమ్మన్నారు. తెచ్చేవాణ్ణి. సాయంత్రం గోదావరి గట్టుమీద కూర్చుని ఆ చేతులతోనే ఫోను నొక్కుతూ, సైన్సు నా వల్లే ముందుకి పోతోందని అనుకునేవాణ్ణి. (ల్యాబు వారు అలా అనుకోలేదని తర్వాత తెలిసింది.)

అప్పట్లో మా అక్క తన మూడేళ్ళ కూతురితో యానాం కనకాలపేటలో మా ఇంట్లోనే ఉండేది. బావది ఓడ ఉద్యోగం, నెలల తరబడి నీళ్ళమీదే. ఇంట్లో మా నాన్నగారి తల్లి, మా మామ్మ, ఉండేది. ఉండేది అనడం మర్యాద కోసం, నిజానికి ఏలేది. అమ్మానాన్నా కూడా ఉండేవారు గానీ మామ్మ మాటకి అడ్డు చెప్పే అలవాటు వాళ్ళకి లేదు కాబట్టి ఈ కథలో వాళ్ళకి పెద్ద పని లేదు. మా మేనకోడల్ని అందరం పిడుగు అనేవాళ్ళం, అసలు పేరు బారసాలనాడు వాడి మళ్ళీ వాడలేదు. ఒకరోజు గట్టుమీద పిడుగు ఒక కొబ్బరి బొండాం మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, బొండాలాయన వైపు వేలు చూపించి, "ఇంకోటి కొట్టు" అని హుకుం జారీ చేసింది. ఆ ముచ్చట వీడియో తీసి పోస్టు పెట్టాను. తెల్లారేసరికి నలభై చిల్లర లైకులు! నా బతుకులో అన్ని ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో కనిపించిన ప్రతి మనిషికీ ఫోను చూపించి, "వైరల్ అయిపోయింది, వైరల్ అయిపోయింది" అని గెంతాను. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇంతమంది చూసేరా దీన్ని?" అంది. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

రెండు రోజులకి పిడుక్కి జలుబు, ఆ వెనకే జ్వరం, ఆ వెనకే ఛాతీలో పిల్లికూతలు. ఊళ్ళో పిల్లల డాక్టరు గారు చూశారు, వైరస్ ఛాతీలోకి దిగిందన్నారు, తగ్గిపోయింది. జ్వరం పోయింది. పిల్లికూతలు పోయాయి. పిల్ల తింటోంది, పరిగెడుతోంది, మమ్మల్ని తిడుతోంది. దగ్గు మాత్రం పోలేదు. నవ్వితే దగ్గు, పరిగెత్తితే దగ్గు, తెల్లవారుజామున కోడికంటే ముందు దగ్గు. దగ్గుతున్న పిల్ల నిద్రపోయేది గానీ ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఒక్కో దగ్గుకి ఒక్కొక్కరం లేచి, ఏం చెయ్యాలో తెలియక, ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, మంచినీళ్ళు తాగి పడుకునేవాళ్ళం. అక్క పిల్ల వీపు నిమిరీ నిమిరీ, పిల్ల పక్కన లేనప్పుడు దిండు కూడా నిమరడం మొదలెట్టింది. వచ్చినవాళ్ళంతా "ఇంకా తగ్గలేదా అండి?" అని అడిగి, ఒక వైద్యం చెప్పి పోయేవారు. మిరియాల కషాయం అన్నారు, వాము వాసన అన్నారు, కరక్కాయ అన్నారు. దగ్గుకి మంచి మందేదైనా ఉందా అని, ఆంధ్రాకంటే సీసా చవకైన మా యానాంలో మగవాళ్ళని అడిగితే ఏ కొట్టుకి దారి చూపిస్తారో మీరు ఊహించుకోగలరు కనుక అది వదిలేస్తాను.

ఉండబట్టలేక మళ్ళీ డాక్టరు గారి దగ్గరికి పోయాం. అక్క, ఒళ్ళో పిడుగు, పక్కన మామ్మ, వెనక గోడకి ఆనుకుని నేను. ఆయన గొట్టం పెట్టి ముందూ వెనకా విని, చెవుల్లోంచి తీసి, "ఊపిరితిత్తులు సుబ్బరంగా ఉన్నాయండి. ఇది పోస్ట్ వైరల్ దగ్గు" అన్నారు.

మామ్మ నిటారుగా కూర్చుంది. "ఏంటి బాబూ?"

"పోస్ట్ వైరల్ అండి మామ్మగారూ. ఇప్పుడు బాగా చూస్తున్నాం ఇవి. మూడు నాలుగు వారాలుంటది, అదే పోద్ది."

"మందు?"

"అక్కర్లేదండి. గోరువెచ్చని నీళ్ళు పట్టండి. పడుకునే ముందు చెంచాడు తేనె నాకించండి. మూడేళ్ళ పిల్ల కదా, పర్లేదు. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె అసలు పెట్టకూడదు. ఊరికే దగ్గు సిరప్పులు పోసెయ్యకండి, ఈ వయసుకి పనికిరావు. పొగ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల బిళ్ళ, ఏదీ. లోపల ఊపిరి గొట్టాలింకా పచ్చిగా ఉంటాయి. ఆయాసపడినా, డొక్కలెగరేసినా, జ్వరం తిరగబెట్టినా, నాలుగు వారాలు దాటినా వెంటనే తీసుకురండి. లేదంటే ఓపిక పట్టండి."

బయటికొచ్చాక మామ్మ ఆటో ఎక్కలేదు. నడిరోడ్డు మీద నా చెవి పట్టుకుంది. "విన్నావా? డాక్టరు గారే చెప్పేరు. పోస్టు వైరల్ అంట! నువ్వు పెట్టిన పోస్టే! ఊరందరి కళ్ళూ పడ్డాయిరా పిల్ల మీద!"

నేను వివరించాను. ఇంగ్లీషులో పోస్ట్ అంటే తర్వాత అని, వైరస్ వచ్చి వెళ్ళాక మిగిలిన దగ్గు అని, రెండు వేర్వేరు పోస్టులని, రెండు వేర్వేరు వైరల్ అని. మామ్మ శ్రద్ధగా విని, "మరి నువ్వే కదరా మొన్న వైరలైపోయిందని గెంతేవు?" అంది. నా డిగ్రీని జేబులో పెట్టుకుని ఆటోని పిలిచాను.

దిష్టి అని తేలిపోయింది, పైగా ఎంబీబీఎస్ చదివినాయన ఖాయం చేశాడు. ఇక తియ్యడమే. మా మామ్మ దిష్టి తియ్యడమంటే మాటలు కాదు. కళ్ళు పెట్టినవాళ్ళ కాలికింది మట్టి, కల్లుప్పు, ఆవాలు, గుప్పెడు ఎండు మిరపకాయలు. అన్నీ గుప్పిట పట్టి పిల్ల చుట్టూ తిప్పి, తలుపులు మూసి, నిప్పుల్లో పోసి, ఆ పొగ పిల్ల ఒంటికి పట్టించాలి. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఘాటు వస్తే? వస్తే లేనట్టు. కానీ అప్పటికి ఇంటిల్లిపాదీ దగ్గుతూ ఉంటారు. ఆ వారంలోనే అమ్మ దేవుడి దగ్గర అలవాటు కొద్దీ ఒకే ఒక్క అగరొత్తి వెలిగిస్తే, పిడుగు ఎడతెరిపి లేకుండా దగ్గి దగ్గి, తిన్న ఇడ్లీ అంతా అక్క చీర మీద కక్కేసింది. ఒక అగరొత్తికే అలా అయితే గుప్పెడు మిరపకాయలకి ఏమవుతుందో ఊహించడానికి డిగ్రీ అక్కర్లేదు.

అక్క నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. కళ్ళకింద నల్లగా ఉంది. "ఒరేయ్, నేను మామ్మకి వద్దని చెప్పలేను. నన్నూ నిన్నూ పెంచింది. నేను వద్దన్నాక పిల్లకి ఇంకేమన్నా అయితే బతికున్నంత కాలం అంటది. పోస్టు పెట్టింది నువ్వు. ఆ పొగ పిల్ల ముక్కులోకి పోకుండా చూసే పూచీ నీదే."

"నేనేం చెయ్యనే?"

"ఏదోటి చెయ్యి. చదువుకున్నావు కదా!"

మా ఇంట్లో నా చదువు గుర్తొచ్చేది ఇలాంటప్పుడే.

ఆలోచిస్తే దారి డాక్టరు గారి మాటలోనే ఉంది. ఈ దగ్గుకి మందు రోజులు గడవడమే. మామ్మ పద్ధతికి కావలసింది మట్టి. మట్టి తేవడం నా ఉద్యోగం. లోపలికెళ్ళి అన్నాను: "మామ్మా, కొందరి మట్టి తెచ్చి, కొందరిది వదిలేస్తే దిష్టి పూర్తిగా పోద్దా?"

మామ్మ ఆలోచించింది. "పోదు. సగం తీస్తే మిగతా సగం ముదురుద్ది."

"అయితే లైకు కొట్టినవాళ్ళందరిదీ తెస్తాను. ఒక్కరిదీ వదలను. కాస్త టైమ్ పడుద్ది మరి."

"ఇన్నాళ్ళకి బుద్ధిగా మాట్లాడేవు" అని మామ్మ నా తల నిమిరింది. (పొగడ్త ఇంత చౌకగా వస్తుందని తెలిస్తే ముందే మోసం నేర్చుకునేవాణ్ణి.)

పేర్లు చదివి వినిపించాను. పారిస్‌లో ఉన్న ఎదురింటి వాళ్ళబ్బాయి దగ్గర ఆగాం. మామ్మ తేల్చేసింది: "ఫ్రాన్సు నుంచి తగలదులే. మధ్యలో సముద్రం ఉంది."

"మరి కాకినాడ?"

"కాకినాడ నుంచి తగులుద్ది. బస్సుంది కదా."

అలా బస్సు సౌకర్యం ఉన్న ఊళ్ళన్నీ నా పరిధిలోకొచ్చాయి. ఇంటివాళ్ళూ సముద్రం అవతలివాళ్ళూ పోగా పాతికమంది తేలారు. ఆ మట్టి ఎదుటి మనిషికి తెలియకుండా తియ్యాలి, అదొక నియమం. పొద్దున్న ల్యాబు పనికి చెరువుల మీద, మధ్యాహ్నం ఇంటి పనికి మనుషుల మీద. మొదట ఫరంపేటలో లెక్కల మేష్టారి ఇంటికెళ్ళాను. ఆయన వాకిట్లో నిలబడి ఉంటే, బండి తాళాలు ఆయన కాళ్ళ దగ్గర పడేసి వంగాను. నేను మట్టి గోకుతుంటే నెత్తిమీద చెయ్యి పడింది. "దీర్ఘాయుష్మాన్ భవ! స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు ఇంత వినయంగా ఉండేవాడివి కాదురా!" ఆయన కళ్ళు తడిశాయి. కిరాణా కొట్టు పిన్ని దగ్గర పదిపైసల బిళ్ళ పడిందని వంగితే, "పదిపైసలు ఇంకా ఎక్కడున్నాయిరా?" అని ఆవిడ కూడా వంగి వెతికింది, ఎవరి కాలిముద్ర ఏదో తెలియకుండా పోయింది. అగ్రహారంలో ఒకాయన నేను కాళ్ళకి మొక్కుతున్నాననుకుని ఉద్యోగం పోయిందేమోనని ఇరవై రూపాయలిచ్చాడు. వారం తిరిగేసరికి ఊళ్ళో నా గురించి మంచి పేరొచ్చింది. "ఆ మామ్మగారి మనవడు, పెద్దలంటే ఎంత భక్తో!" నాకు నడుం నొప్పొచ్చింది.

వంతెన దాటి ఆంధ్రా వైపు ఇద్దరున్నారు. వెళ్ళేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపారు. యానాం నుంచి బయటికెళ్ళే బండి డిక్కీలో వాళ్ళు ఏం వెతుకుతారో తెలిసిందే. తెరిచి చూస్తే సీసాలు లేవు, పేర్లు రాసిన మట్టి పొట్లాలున్నాయి. ఒక పోలీసాయన పొట్లం ఒకటి తీసి వాసన చూశాడు.

"ఏంటిది?"

"మట్టండి."

"మట్టని తెలుస్తుంది. పైన 'కొట్టు పిన్ని' అనుందేంటి?"

"సాయిల్ శాంపిలండి. ఆక్వా ల్యాబు."

"పిన్ని గారికి చెరువుందా?"

"ఆయ్, ఉందండి."

పంపేశాడు గానీ, ఆ అబద్ధం అక్కడితో ఆగలేదు. ఆ సాయంత్రం కంగారులో ల్యాబు సంచీ, ఇంటి సంచీ కలిసిపోయి, మేష్టారి పొట్లం ల్యాబుకి పోయింది. మర్నాడు మా సారు పిలిచి, "ఈ ఫరంపేట చెరువు పార్టీకి చెప్పు, ఈ పంటకి రొయ్య వెయ్యొద్దని. నేల బాగాలేదు" అన్నారు. మేష్టారు ఎటూ వేసే ఉద్దేశంలో లేరు కాబట్టి నష్టం జరగలేదు. ఆయన వాకిట్లో నేను మళ్ళీ వంగాను. ఈసారి ఆయన వాళ్ళావిణ్ణి కూడా పిలిచి చూపించారు.

ఇన్ని తిరుగుళ్ళలోనూ ప్రాణం ఇంటిమీదే ఉండేది. గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు వినేది దగ్గు. తగ్గినట్టే ఉండేది, అంతలో గుక్క తిప్పుకోకుండా దగ్గేది. అక్క మొహం చూసేవాణ్ణి, అక్క నా సంచి చూసేది. మిగతావి డిక్కీలో దాచుకుని, రోజుకి ఒకటి రెండు పొట్లాలకి మించి ఇచ్చేవాణ్ణి కాను. మామ్మ వాటిని ఒక ఇత్తడి పళ్ళెంలో కలిపి మూత పెట్టేది. చివరికి ఒకనాడు నన్ను నిలబెట్టింది.

"ఒరేయ్, యానాం ఎంత? నువ్వు తిరిగేదెంత? ఈపాటికి ఢిల్లీ మట్టి కూడా వచ్చేది. ఇంకెంతమంది?"

ఎవరూ మిగల్లేదు. ఇంకా ఒకరున్నారేమో చూస్తానని ఫోను తీసి, ఆశ చావక, పేర్లన్నీ మళ్ళీ చూశాను. ఒక మందారప్పువ్వు బొమ్మ ఉంది. ఎవరో చుట్టాలావిడ అనుకుని వదిలేసిన లైకు. నొక్కి చూస్తే, పిల్లల డాక్టరు గారు!

"ఒక్కరున్నారు" అన్నాను.

"ఆదివారం పొద్దు గూకే లోపల తే. తేకపోయినా ఉన్నదాంతో తీసేస్తాను. ఇంక ఆ దగ్గు నేను వినలేనురా" అంది మామ్మ. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు ఎప్పటిలా లేదు.

ఆదివారం సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. డాక్టరు గారిది టైల్స్ వేసిన క్లినిక్కు, రెండుపూటలా ఫినాయిలుతో తుడుస్తారు. పెన్ను పడేసి టేబుల్ కింద దూరాను. ఆయన చెప్పుల దగ్గర వేలితో తడిమితే ధూళి అన్నది లేదు.

"ఏం బాబూ, కింద ఏం చేస్తున్నావు?"

ఏ అబద్ధమూ రాలేదు. అక్కడినుంచే, టేబుల్ కిందనుంచే, మొత్తం చెప్పేశాను. లేచి చూస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"పోస్ట్ వైరల్ అంటే మీ ఇంట్లో అలా వినపడిందా?"

"ఆయ్."

"ఎన్నేళ్ళ నుంచి ఆ మాట వాడుతున్నానో! ఊళ్ళో ఎంతమంది ఎన్ని పోస్టులు తీసేసేరో మరి." తర్వాత గొంతు మార్చారు. "పిల్లెలా ఉంది? ఆయాసం లేదు కదా? డొక్కలెగరెయ్యట్లేదు కదా? తింటోందా?"

"తింటోందండి. తిడుతోందండి. దగ్గు బాగా పలచబడిందండి. కానీ ఇవాళ ఆ మిరపకాయల పొగ గనక పడితే..."

"పడకూడదు" అన్నారాయన. లేచి బయటికి, కాంపౌండులో ఇసక ఉన్న చోటికి నడిచారు. చెప్పు విడిచి, కుడికాలు గట్టిగా అదిమి తీశారు. "తీసుకో. మామ్మగారికి నా హస్తవాసి మీద గురి ఉందా?"

"ప్రాణమండి. మీరు మందు రాయకపోయినా, చెయ్యి తగిలింది కదా అని సంతోషంగా వస్తుంది."

"అయితే చెప్పు. డాక్టరు కాలిమట్టి నిప్పుల్లో వేస్తే హస్తవాసి కాలిపోద్ది. ఆనక యానాంలో ఏ పిల్లకి జ్వరమొచ్చినా కాకినాడ పరిగెత్తాలి."

"ఇది వైద్యశాస్త్రంలో ఉందాండి?"

"వైరల్ పోస్టు ఉందా? వెళ్ళు, గమ్మున వెళ్ళు."

ఆ రోజు బండి ఎలా నడిపానో నాకు తెలియదు. ఇంటికొచ్చేసరికి కిటికీలు మూసేశారు. నడిమి గదిలో మూకుడులో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. పిడుగు పీటమీద, తనకేదో సన్మానం జరుగుతున్నట్టు కూర్చుని ఉంది. అక్క గోడవైపు తిరిగి నిలబడింది. మామ్మ గుప్పిట్లో ఉప్పు, మిరపకాయలు. పళ్ళెం మీద మూత తీసి, రెండో చేత్తో మట్టి తియ్యబోతోంది.

"మామ్మా, ఆగు! ఇదీ కలపాలి" అని నా పొట్లం విప్పి పళ్ళెంలో గుమ్మరించి, వేళ్ళతో ఆ మూలనుంచి ఈ మూలకి బాగా కలిపేశాను.

"ఎవరిదిరా?"

"డాక్టరు గారిది. ఆయనే స్వయంగా ఇచ్చేరు. నిప్పుల్లో మాత్రం వెయ్యొద్దన్నారు. వేస్తే హస్తవాసి కాలిపోద్దంట."

మామ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. నిప్పులవైపు చూసింది, పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది.

"కలిపేశావా?"

"కలిపేశాను."

"మొత్తం?"

"మొత్తం."

"ఓరి నీ అఘాయిత్యం కూలా! ఇప్పుడు ఆయన మట్టేదో, మేష్టారి మట్టేదో ఎలా తెలుస్తుందిరా!" మామ్మ అక్కడే చతికిలబడింది. ఊళ్ళో పసిపిల్లలందరి జ్వరాలూ ఆవిడ కళ్ళముందు ఒక్కసారిగా తిరిగినట్టున్నాయి. అంతలో పిడుగు పీటమీంచి, "తాతమ్మా, నాకు బోర్ కొడుతోంది" అంది. అక్క గోడవైపే తిరిగి ఉంది గానీ, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళితే, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

చివరికి మామ్మే దారి కనిపెట్టింది. నిప్పుకి పనికిరానిది నీటికి పనికొస్తుంది. ఆ నిప్పులు పెరట్లో ఆర్పేసి, అందరం గోదారి గట్టుకి నడిచాం. మామ్మ పళ్ళెం పిల్ల చుట్టూ తిప్పి, యానాం పెద్దమనుషులందరి కాలిధూళినీ గోదాట్లో ఒంపేసింది. పిడుగు ఎండు మిరపకాయల్ని ఒక్కొక్కటే విసిరి, పడవలని పేర్లు పెట్టి, పడీ పడీ నవ్వింది. అంత నవ్వాక దగ్గు వస్తుందని ముగ్గురం ఊపిరి బిగబట్టాం. రెండుసార్లు దగ్గింది. చిన్నగా. అంతే. మూడోది వస్తుందని ఎదురుచూస్తూ కాసేపు నిలబడ్డాం. రాలేదు. "చూసేవా?" అంది మామ్మ నాతో, చదువుకున్న ప్రపంచం మొత్తానికి చెబుతున్నట్టు. ఆ తర్వాత నాలుగైదు రోజులకి ఆ రెండూ కూడా పోయాయి. గోదాట్లో తీసిన దిష్టికి తిరుగులేదని పేట అంతా పాకింది. క్లినిక్కు కాంపౌండులో ఇసక తగ్గిపోతోందని డాక్టరు గారు అక్కడ సిమెంటు చేయించుకున్నారు.

ఇప్పుడు నా కొడుక్కి రెండేళ్ళు. మొన్న వాడికీ అదే వరస: జలుబు, జ్వరం, ఛాతీలో కూతలు, అన్నీ పోయి దగ్గు ఒక్కటీ మిగిలింది. అదే డాక్టరు గారు, జుట్టు తెల్లబడ్డాయన, "మూడు నాలుగు వారాలు, తేనె, ఓపిక" అన్నారు. (పోస్ట్ వైరల్ అనడం మానేశారు.) నేను ఇంటికొచ్చి దీని మీద దొరికిన వ్యాసాలన్నీ చదివాను. అన్నిటిలోనూ అదే మాట. గదిలోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. వాడు దగ్గితే లేస్తున్నాను, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదా అని లేస్తున్నాను. వాలుకుర్చీలో మామ్మ కూర్చుని టీవీ చూస్తోంది. చూపు ఆనదు, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి.

"ఒరేయ్, కూర్చోరా. వైరల్ అయ్యుంటది. అదే పోద్ది" అంది.

నేను నిర్ఘాంతపోయాను. ఇంత పెద్దమనిషి, మునిమనవడు దగ్గుతుంటే ఇంత తాపీగా ఎలా ఉండగలదు? ఎవరికైనా కాస్త బాధ్యత ఉండక్కర్లేదా? కోపం పట్టలేక బండి తాళాలు తీసుకున్నాను. "ఎక్కడికండీ?" అంది మా ఆవిడ. ఎక్కడికో నాకూ తెలియదు. ఫరంపేట దాకా ఊరికే వెళ్ళి, ఊరికే తిరిగొచ్చాను. కాస్త నయమనిపించింది, నాకు.